నడక నాది, తుపాకీ నీది

తమ్ముడు వంటింట్లో టీ పెడుతున్నాడు. ఇదే అదను. డ్రైవింగ్ స్కూల్ మాస్టారు నడుం పట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, బల్ల కిందికి దూరాడు.

నలభై ఆరేళ్ళ మనిషి చెయ్యాల్సిన పని కాదది. పన్నెండేళ్ళప్పుడు మాత్రం రోజూ చేసిన పనే.

కంప్యూటరు వెనకాల దుమ్ములో నల్లటి వైర్లు పాముల్లా పెనవేసుకుని ఉన్నాయి. ఏది దేనిదో తెలియలేదు. వంటింట్లో కప్పుల చప్పుడైంది. అందినదాన్ని గుప్పిట పట్టి లాగేశాడు. పైన తెర ఆరిపోలేదు. జాయ్‌స్టిక్ వైరు ఊడి వేలాడింది. హమ్మయ్య.

నాన్న ఆఫీసులో పారేస్తుంటే ఇంటికి తెచ్చిన కంప్యూటరది. అందులో ఒకటే ఆట. ఏదో గ్రహం మీద పాడుబడ్డ గని, దాన్నిండా మూడు కళ్ళ జంతువులు, ఒంటరి సైనికుడు. సైనికుడి మొహం కనపడదు. తెర అడుగున తుపాకీ పట్టుకున్న రెండు చేతులే. అంటే ఆ చేతులు మనవే. స్విచ్చి వేస్తే చాలు, ఆట మొదలు.

పంపకం మాస్టారే చేశాడు. "నడక నాది, తుపాకీ నీది." కీబోర్డు తనకి, జాయ్‌స్టిక్ ఎనిమిదేళ్ళ తమ్ముడికి. ఆ జాయ్‌స్టిక్‌ని మాత్రం ఒక్కనాడూ కంప్యూటరుకి తగిలించి ఉంచలేదు. వాడు నొక్కీ నొక్కీ బొటనవేలు వాచిపోయేది.

"అన్నయ్యా, చూశావా? నేనే చంపా!"

"శభాష్!"

మాస్టారికి ఆ ఆట మీద ఎంత పట్టు దొరికిందంటే, వేలు కదలకముందే సైనికుడు కదిలేవాడు. మనసులో అనుకుంటే చాలు. మూడో తలుపు ఒక్కటే కొరకరాని కొయ్య. అక్కడికి వెళ్ళడం, ఎడమకి తిరగడం, చావడం. ఇవాళ కుడికే అని ఒట్టు పెట్టుకున్నా ఎడమకే తిరిగేవాడు. బుద్ధిలో పాతుకుపోయిన తప్పు మనిషిని అంత తేలిగ్గా వదలదని అప్పుడే తెలుసుకున్నాడు. నింద మాత్రం తమ్ముడి మీదికి నెట్టేవాడు. "టైముకి కాల్చొద్దూ?"

ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లోనూ అదే పంపకం. స్టీరింగు నేర్చుకునేవాళ్ళ చేతిలో, ఇంకో బ్రేకు తన కాలి కింద. బండి తామే నడుపుతున్నామని వాళ్ళ నమ్మకం. పిచ్చిమాలోకం అని జాలిపడతాడు.

తమ్ముడు రేవులో క్రేను నడుపుతాడు. ఓడల మీది పెట్టెల్ని జాయ్‌స్టిక్‌తో ఎత్తి దించుతాడు. "ఈ చేతికి గురి నేర్పింది ఆ ఆటే" అని కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు. రేపు కొత్త పెద్ద క్రేనుకి పరీక్ష. వారం నుంచి చెయ్యి వణుకుతోంది.

"ఒక్క ఆట ఆడదాం అన్నయ్యా. వణుకు దానంతటదే పోతుంది."

తమ్ముడే కంప్యూటరుని అటక మీంచి దింపి, బాగు చేయించి, వైర్లన్నీ పెట్టించాడు. అక్కడే వచ్చింది చిక్కు. వాడు నిజంగా కాల్చబోయేది ఇదే మొదటిసారి. గురి తప్పిందా, రేపటి పరీక్ష గోవిందా.

"పెదనాన్నా, కింద ఏం చేస్తున్నారు?"

తమ్ముడి కూతురు. ఏడో తరగతి. బల్ల కింద తల పెట్టి చూస్తోంది.

"పెన్ను పడిందమ్మా."

"మీ పెన్ను జేబులోనే ఉంది. నాన్నా! పెదనాన్న వైర్లు పీకేస్తున్నారు!"

తమ్ముడి చెప్పులు వచ్చి బల్ల ముందు ఆగాయి. మాస్టారు కిందినుంచే చెప్పేశాడు. తప్పు ఒప్పుకోవడానికి ఎదుటివాడి మొహం కనపడని చోటే నయం.

"ఒరేయ్, నీ జాయ్‌స్టిక్ ఉత్త బొమ్మరా. ఒక్కరోజూ తగిలించలేదు. నడిచిందీ నేనే, కాల్చిందీ నేనే."

చెప్పులు ఒక అడుగు దగ్గరికి జరిగాయి.

"ఒక్కదాన్ని కూడా చంపలేదా నేను?"

"దోమని కూడా చంపలేదు."

"మరి బొటనవేలు వాచింది?"

"అదొక్కటీ నిజం."

"మరి ఇరవయ్యేళ్ళుగా రేవులో పెట్టెలు ఎత్తుతున్నది ఎవరి చెయ్యి?"

"నీదేరా. అక్కడ నేనెక్కడున్నాను?"

"అంటే నాకు ఎవరూ నేర్పలేదు! నా అంతట నేనే నేర్చుకున్నా!" తమ్ముడు పకపకా నవ్వాడు. టీ కప్పున్న చెయ్యి ముందుకి చాపాడు. సాసర్లో కప్పు చప్పుడు చెయ్యలేదు. "చూడన్నయ్యా, వణుకు ఏదీ?"

మాస్టారు పాక్కుంటూ బయటికొచ్చాడు. గుండె తేలికపడాల్సింది. కానీ లోపల ఎవరో చిన్నబుచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళకి పైగా దాచుకున్న గొప్పని తీరా బయటపెడితే, దాని వంక చూసే దిక్కు లేదు.

"నీ చెయ్యి సరేలేరా, ముందు నా ఆట చూడు. అమ్మడూ, ఆ జాయ్‌స్టిక్ వైరు నువ్వు తగిలించు."

పిల్ల బల్ల కిందికి దూరింది. మాస్టారు కుర్చీ లాక్కుని కీబోర్డు మీద వేళ్ళు పెట్టాడు. ఇన్నేళ్ళైనా వేళ్ళు ఏదీ మర్చిపోలేదు. సైనికుడు పరుగెత్తాడు, వంగాడు, కాల్చాడు. మూడు కళ్ళ జంతువులు టపటపా రాలాయి.

"అమ్మో! నువ్వు మామూలోడివి కాదన్నయ్యా!"

మాస్టారి ఛాతీ ఉబ్బింది. అదే పట్టు. వేలు కదలకముందే సైనికుడు కదులుతున్నాడు. మూడో తలుపు వచ్చింది. ఈసారి కుడికే అనుకుని, కుడి మీటని శక్తికొద్దీ నొక్కాడు.

సైనికుడు ఎడమకి తిరిగి చచ్చాడు.

"ఈ ఒక్క తప్పేరా నన్ను వదలంది" అని నిట్టూర్చాడు మాస్టారు.

పిల్ల బల్ల కిందినుంచి తల బయటపెట్టింది. "పెదనాన్నా, ఇందాక మీరు కీబోర్డు వైరు కూడా పీకేశారు, రెండు వైర్లూ ఇంకా నా చేతిలోనే ఉన్నాయి."