నాలుగు నిమ్మకాయలు

అమీర్‌పేటలో మా అద్దెయింటి పోర్టికోలో కూర్చుని, నా పాత స్పోర్ట్స్ కారు ఇత్తడి బ్యాడ్జీని చింతపండుతో తోముతున్నాను. రాత్రి ఎనిమిదయింది. పదేళ్లు దుమ్ములో పడివున్న ఈ బండే నా మొదటి కారు. దాని ఇంజన్ పంజాగుట్టలో మెకానిక్ ఓదెలన్న షెడ్డులో ఉంది. శుక్రవారం మంచిదని, ఇంజన్ రాకముందే పొద్దున పూజచేసి చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాను.

ఇప్పుడు చూస్తే నాలుగూ నలిగివున్నాయి.

“అన్నయ్యా, బండి నెట్టావా?”

“నీ డొక్కు నాకెందుకే?” మెట్టు మీద కూర్చున్న వివేక్ అన్నయ్య నవ్వాడు. “ఇంజనే లేదు, దానికి నిమ్మకాయలొకటి.”

ఒళ్లు మండిపోయింది. మూడేళ్లు కడుపు కట్టుకుని కొన్నది నేను. మొదటిసారి నిమ్మకాయలు తొక్కించాల్సిందీ నేనే.

కొత్తవి నాలుగు పెట్టి, చక్రాలకూ వాటికీ మధ్య ఇటుకలు అడ్డం వేశాను. “ఇప్పుడు తొక్కించు చూద్దాం” అన్నాను.

అన్నయ్య మెట్టు మీద నుంచి లేవలేదు. ముందు చక్రం కింద ఇటుక కిర్రుమంది. ఒక కాయ మెల్లగా చిట్లింది. పుల్లటి వాసన వచ్చింది.

ఖాళీ సీటు వైపు చూసి, “ఎవరైనా సరే, దిగండి. ఇది నా బండి” అన్నాను.

రెండో కాయ చిట్లింది.

అన్నయ్య చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని వెళ్లిపోయాడు.