లమాంట్ ఎడమ చెయ్యి

గుమ్మడి గింజ తొక్క ఒకటి ఎగిరొచ్చి లమాంట్ చెవికి తగిలింది.

"ఒరేయ్ అమెరికా! ఆ ఎడమ చెయ్యి ఎందుకురా, సూప్ తాగడానికా?"

ముందు వరసలో అదే ముసలాయన. అదే టోపీ. ఒళ్లో గింజల పొట్లం. ఆయన గొంతెత్తితే పక్క ఊళ్లో కోళ్లు గుడ్లు పెట్టడం మానేసేవి.

సెర్బియాలోని ఆ చిన్న ఊరి బాస్కెట్‌బాల్ జట్టులో ఆడటానికొచ్చిన లమాంట్, అక్కడి భాషలో ముందు నేర్చుకున్నది ఆ తిట్లే. నమస్కారం తర్వాతెప్పుడో వచ్చింది.

"ఎవడా ముసలోడు?" అని కెప్టెన్ నెబోయ్షాను అడిగాడు.

నెబోయ్షా బూటు లేసులు కట్టుకుంటూ, "పనీపాటా లేని బాబాయ్‌లే. పట్టించుకోకు" అన్నాడు.

లమాంట్ పట్టించుకున్నాడు. ఎడమ చేత్తో బంతి వేసి జట్టును గెలిపించిన రోజున, ముసలాడి నెత్తిన బస్తాడు గుమ్మడి గింజలు కుమ్మరిస్తానని శపథం చేశాడు.

ఆ రోజు నుంచి ఎడమ చేత్తోనే బంతి కొట్టాడు. ఎడమ చేత్తోనే పళ్లు తోముకున్నాడు. ఎడమ చేత్తో గడ్డం గీసుకుని, వారం పాటు పులితో కుస్తీ పట్టినవాడిలా తిరిగాడు.

సీజన్‌లో ఆఖరి ఆట. ఓడితే జట్టు కింది లీగ్‌కి పోతుంది.

ఒక్క పాయింటు వెనక. ఆట ముగియబోతోంది. కుడివైపు దారి మూసేశారు.

లమాంట్ ఎడమకు తిరిగాడు. ఎడమ చేత్తో వేశాడు.

పడింది.

హాలు పైకప్పు లేచి, మళ్లీ సరిగ్గా అక్కడే కూర్చుంది.

లమాంట్ ఎవరినీ కౌగిలించుకోలేదు. బెంచీ కింద దాచిన బస్తా ఎత్తుకుని, తిన్నగా ముందు వరసకు వెళ్లి కుమ్మరించాడు.

ఈలలు. కేకలు.

ముసలాయన కదల్లేదు. టోపీ అంచున నిలిచిన గింజ తీసి కొరికాడు.

"వేయించలేదేంట్రా వీటిని?" అన్నాడు. "బస్తా మాత్రం ఎడమ చేత్తోనే ఎత్తావు. చాలు."

భుజాలు దులుపుకుని, పక్కనున్న సూట్‌కేసు అందుకుని వెళ్లిపోయాడు.

లమాంట్ నవ్వుతూ తిరిగాడు. నెబోయ్షా నవ్వడం లేదు.

"ఆ పెట్టేంటి?" అన్నాడు లమాంట్.

"రొమేనియాలో పిల్లల జట్టు దొరికింది. ఊరొదిలి పోతున్నాడు. ఈ సీజన్‌లో నీ ఆఖరాట చూశాకే బస్సెక్కుతానని ఆగాడు."

"నా ఆటా? ఆయనకేం పని?"

"నీకు చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టేయించాడ్రా. జాలి పుడితే వాడి చెయ్యి లేవదు, ఒళ్లు మండితేనే లేస్తుందన్నాడు."

బయట బస్సు హారన్ మోగి, దూరమైంది.

"నీ వీడియో చూసి, వీడే కావాలని మొండికేసి నిన్ను తెప్పించిన మన పాత కోచ్ ఆయనే... ఎడమ చెయ్యి ఆడనివాణ్ని తెచ్చాడని, నువ్వు విమానం దిగకముందే ఆయన్ని పీకేశారు."