రెండు బొమ్మలు, ఒక్క మాట

పొద్దున్నే గ్రూపులో "నీ అవ్వ" అని మెసేజి పడేసరికి హర్షిణి చేతిలో చాయ్ తొణికింది.

పంపినవాడు మంజీర.

ఆమె ఇంకో ఆలోచన పెట్టుకోలేదు. బియ్యంలో రాయిని ఏరి పారేసినట్టు అతన్ని గ్రూపులోంచి తీసేసింది.

ఆ గ్రూపు పేరు 'రెండు బొమ్మలు, ఒక్క మాట'. నడిపేది హర్షిణే. నిజామాబాద్ గంజ్‌లో పసుపు దుకాణంలో పని చేస్తుంది.

ఎవరైనా రెండు ఫోటోలు పెడతారు. రెండింటికీ సరిపోయే ఒకే మాటను మిగతావాళ్లు కనిపెట్టాలి.

గెలిస్తే వచ్చేదేమీ లేదు. అయినా భీమ్‌గల్ నుంచి బోధన్ దాకా జనం పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఫోను వదిలేవారు కాదు. మోస్రాలో ఒకాయన జవాబు ఆలోచిస్తూ గడ్డం సగమే గీసుకుని పెళ్లికి పోయాడట. పెళ్లికొడుకు కూడా ఆయనేనట.

మంజీర ఎండాకాలంలో వచ్చి చేరాడు. పేరు చూసి ఆడమనిషి అనుకున్న కొందరు తెల్లారగానే గులాబీలు పంపారు. దగ్గుతో కలిసి మగగొంతు వినబడ్డాక గులాబీలు వాటంతటవే వాడిపోయాయి.

ఆటలో మాత్రం గట్టివాడు. ఒకసారి ఎవరో మామిడిపండు బొమ్మ, మంచం మీద మనిషి బొమ్మ పెట్టారు. ఒకరు తోట కాపలా అన్నారు. ఇంకొకరు తిన్న మత్తు అన్నారు.

"మామిడి పండు. మంచంల పండు. గింత దానికి గంత లొల్లా?" అన్నాడు మంజీర.

అంతటివాడు హర్షిణి పెట్టిన బొమ్మలకు మాత్రం ఎప్పుడూ తప్పే చెప్పేవాడు. విడమర్చి చెప్పమని ఆమెనే అడిగేవాడు. ఆమె వాయిస్ పెడితే, "ఇంకోపారి జెప్పు బిడ్డా, సెవులు మందం" అనేవాడు. ముసలాయన కదా అని ఆమె మళ్లీ చెప్పేది.

ఆ పొద్దున అతను పెట్టిన బొమ్మలు ఎవరికీ నచ్చలేదు.

మొదటిది, భుజాన సంచి వేసుకుని బస్సెక్కుతున్న మనిషి వీపు.

రెండోది, దండ వేసిన పటం. పటంలో మనిషి లేడు.

ఊహ తెలిసినప్పటి నుంచీ తండ్రి లేని పిల్ల హర్షిణి; ఆయన చనిపోయాడని గ్రూపులో ఒకసారి చెప్పింది కూడా. దండ చూస్తే ఆమెకు ఎక్కడో కలుక్కుమంటుంది. పొద్దున్నే ఈ అపశకునమేమిటి, జవాబు చెప్పి బొమ్మలు తీసెయ్యమని రాసింది.

దానికి బదులుగా వచ్చిందే ఆ తిట్టు.

మనిషిని తీసేసింది గానీ, బొమ్మలు ఆమెను వదల్లేదు.

పసుపు తూకం వేస్తుంటే కాంటా పక్కన ఆ వీపు. ఆటోలో కూర్చుంటే ముందు సీట్లో ఆ వీపు. ఇప్పుడు తిరుగుతాడు, మొహం చూపిస్తాడు అనిపించేది. తిరిగేవాడు కాదు. అన్నం ముందు కూర్చుంటే ఎదుటి గోడ మీద లేని పటం ఉన్నట్టే ఉండేది.

జవాబు తెలిస్తే గానీ ఇది వదిలేది కాదని ఆమెకు అర్థమైంది. పంతం పక్కన పెట్టి, మంజీరను మళ్లీ చేర్చుకుందామని గ్రూపులో రాసింది.

బోధన్ నుంచి రామ్‌దాస్ అనే ఆయన ఒక్క ముక్క పెట్టాడు. "మంజీర పోయిండు."

"ఏ గ్రూపులకు పోయిండు?" అని అడిగింది హర్షిణి.

ఇద్దరు ముగ్గురు నవ్వు బొమ్మలు కూడా పెట్టారు.

కాసేపటికి రామ్‌దాసే ఫోన్ చేశాడు. మంజీర పక్క గదిలోనే తాను కిరాయికి ఉంటానన్నాడు. గల్లీలో ఆయన్ని అందరూ దుబాయి మామ అనేవారట. ఎడారిలో కిడ్నీలు ఎండబెట్టుకుని, పట్టుకుపోయిన సంచితోనే తిరిగొచ్చాడట. నా అన్నవాళ్లు ఒక్కరూ రాకపోతే గల్లీవాళ్లే మోసుకుపోయి మట్టి చేశారట.

అలా తిట్టకపోతే తీసేసేదాన్ని కాదని హర్షిణి అంది.

"తిట్టలేదమ్మా" అన్నాడు రామ్‌దాస్. "వేళ్లు వణికేటియి ఆయనకు. సగం రాయంగనే వేలు తాకి మెసేజి పోయింది. మిగిలింది రాసేలోపట నువ్వు తీసేస్తివి. గా ముక్క ఇంకా ఫోన్ల గట్లనే ఉన్నది."

"ఏం రాసిండు?"

"నడుగు బిడ్డా, అని."

హర్షిణి రెండు ముక్కలూ కలుపుకుంది.

నీ అవ్వనడుగు బిడ్డా.

ఆమె ఇంటికి చేరేసరికి తల్లి చంద్రవ్వ గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది. హర్షిణి ఫోను ఆమె ముందు పెట్టి, రెండు బొమ్మలకూ కలిపి ఒక్క మాట చెప్పమంది.

చంద్రవ్వ చూసింది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ వీపు మీది నుంచి ఆమె చూపు ఎంతకీ కదల్లేదు.

"ఎవలు పంపిండ్రు?"

"ఎవరో ముసలాయన. మొన్న సచ్చిపోయిండంట."

చంద్రవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోయిండు" అంది.

"అవునవ్వా, మొన్ననే. బొమ్మలకు జవాబు జెప్పు."

"గదే జవాబు బిడ్డా. నేను దిద్దక ఇడిసిపెట్టిన మాట."

చంద్రవ్వ వేలు బస్సు మీద ఆగింది.

"మీ బాపు ఏడని నువ్వు అడిగినప్పుడల్లా నేను జెప్పింది గీ బొమ్మ" అని, వేలు దండ మీదికి జరిపి, "నువ్వు ఇన్నది గీ బొమ్మ" అంది.