టైలరమ్మ ఇల్లు

"కారు దిగండి బాబూ. కూర్చున్నచోటినుంచి చూస్తే ఏం తెలుస్తుంది?"

పాత కట్టడాల శాఖ అధికారి కిటికీ అద్దం దించాడు. మెడలో కొలతల టేపు వేసుకున్న అరవయ్యేళ్ల ఆవిడ దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"మా పద్ధతే అంతమ్మా. కారు మెల్లగా పోనిస్తూ ఇళ్ల ముందుభాగాలు చూసుకుంటాం. పాతవి పాతగానే ఉన్నాయా, మార్చేశారా, అంతే."

"నేను టైలర్ని. కారులో కూర్చుని జాకెట్టు కొలతలు తీస్తే అది ఎవరికైనా పడుతుందా?"

ఆయనకు నవ్వొచ్చింది. దిగాడు. ఈ వీధి సంగతి ఇవాళ తేల్చేయాలి. కాపాడదగిన వీధి అని ఆయన రాస్తే ఒక్క ఇటుక కదిలించడానికి ఎవరికీ వీల్లేదు. కాదని రాస్తే బిల్డరు యంత్రాలు రేపే వచ్చి వాలతాయి. ఆ భయంతో ఇక్కడివాళ్లకు కంటిమీద కునుకు లేదు.

"మీ ఇల్లేదమ్మా?"

"ఇప్పుడే చెబితే మొహమాటపడతారు. అన్నీ చూశాక చెబుతా."

గడుసుదే అనుకున్నాడు.

మొదటి ఇంటి దగ్గరే ఆయన పెదవి విరిచాడు. చెక్క తలుపులు పీకేసి అద్దాల షాపు పెట్టారు. రెండోదానికి ఇనుప గ్రిల్లు, కళ్లు జిగేల్మనే రంగు. మూడోది కాస్త నయం. ఆ తర్వాతవీ అంతంతమాత్రమే.

"కష్టమేనమ్మా."

"లోపలికి రండి."

"లోపల చూడాల్సిన పని మాకు లేదు."

"మీకు లేదు బాబూ. వీళ్లకుంది."

మూడో ఇంట్లో రిటైరైన లెక్కల మాస్టారు మంచంలో ఉన్నాడు. నడుము విరిగి లేవలేడు. "వచ్చావా తల్లీ" అన్నాడు ఆవిడని చూసి. మంచం పక్క గోడలో చిన్న చెక్కతలుపు ఉంది. టైలరమ్మ దాన్ని రెండుసార్లు తట్టింది.

అవతలినుంచి ఎవరో తెరిచారు. "ఏం బాబాయ్, మందు వేసుకున్నారా?" అంది పక్కింటి కోడలు. ఆమె వెనక గోడలోనూ అలాంటి తలుపే. అదీ తెరుచుకుంది, దాని వెనక ఇంకొకటి. ఇంటి తర్వాత ఇల్లు, మొహం తర్వాత మొహం, వీధి చివరిదాకా కనిపించింది.

అధికారి గోడమీద చెయ్యి పెట్టి తడిమాడు. "తర్వాత కొట్టిన కన్నాలు కావివి. గోడతోపాటే పెట్టారు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు!"

"రెండు వీధుల్లో ఉండేవి. కట్టిన మేస్త్రీ ఒక్కడే" అంది టైలరమ్మ.

మాస్టారు నెమ్మదిగా అన్నాడు: "మా ఆవిడ పోయినరోజు కేకవేద్దామంటే నాకు గొంతు రాలేదు సార్. ఈ తలుపు తట్టానంతే. ఒకరింటినుంచి ఒకరింటికి తట్టుకుంటూపోయారు. వీధంతా వచ్చేసింది."

అధికారికి గుండె బరువెక్కింది. అక్కడే నిలబడి ఆఫీసుకు ఫోన్ చేశాడు. "ఈ వీధి ఉండాలి. ఎవరేం రాసినా, ఎవరు చెప్పించినా సరే. సాయంత్రానికి నా సంతకంతో పంపిస్తాను."

పక్కింటి కోడలు ఏడ్చేసింది. మాస్టారు రెండు చేతులూ జోడించాడు. టైలరమ్మ మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికి నడిచింది.

అధికారి వెంటే వచ్చాడు. మనసు తేలికపడి హుషారుగా ఉన్నాడు.

"అంతా మీ చలవేనమ్మా. ఇప్పుడైనా చెప్పండి, మీ ఇల్లేది? ఆ చివరిదేనా?"

ఆవిడ ఇళ్ల కప్పుల మీదుగా చెయ్యెత్తి చూపించింది. అటువైపు పద్నాలుగు అంతస్తుల భవనానికి అద్దాలు బిగిస్తున్నారు.

"దాని కింద ఉండేది బాబూ. పక్క వీధి."

ఆయన నవ్వు ఆగిపోయింది.

మూడేళ్ల కిందట ఆ వీధి పనికిరాదని రాసింది ఆయనే.