మూడు తలుపుల పరీక్ష

"ఒక్కటి తప్పు చెప్పినా రేపట్నుంచి రాను. అంతే!" అంటూ బాబాయి తాళాలగుత్తి తీసి మేనేజరమ్మ చేతిలో పెట్టేశాడు.

ఆ పాత కార్ల మ్యూజియంలో ఆయన్ని అందరూ మడతబందుల బాబాయి అంటారు. ముప్పై ఏళ్ళుగా కార్ల తలుపుల బందులకు నూనె వేయడం, అరిగిన సీలలు మార్చడం, వాలిన తలుపులు సరిచేయడం ఆయన పని. తలుపు చప్పుడు వింటే చాలు, ఏ ఏటి బందో, తేడా ఎక్కడుందో చెప్పేసేవాడు. ఇప్పుడేమో చెవుల డాక్టరు పెదవి విరిచేశాడు.

"చెవి పోయాక జీతం తీసుకోవడం తప్పమ్మా," అన్నాడు. అభిమానం ఎక్కువ మనిషికి.

మేనేజరమ్మ వయసులో చిన్నదే కానీ మహా కచ్చితం. ఉండమని ఒక్కమాటైనా బతిమాలలేదు.

"సరే బాబాయ్. ఒకే కంపెనీ కార్లు మూడు. యాభై ఎనిమిది, అరవై నాలుగు, డెబ్బై ఒకటి. మీరు గోడవైపు తిరిగి కూర్చోండి, నేను తలుపు వేస్తా. తప్పితే నేనే గేటుదాకా దిగబెడతా," అంది గొంతు పెంచి.

"మొహమాటపడకూడదు మరి!"

"నాకా మొహమాటం? ఆఫీసులో ఎవర్నైనా అడగండి. అడుగుల చప్పుడు పట్టి చెప్పేస్తారేమో, చెప్పులు కూడా విప్పేస్తున్నా."

బాబాయి పైకి నవ్వాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే తనకూ తుప్పు పట్టేస్తుందని ఆయన భయం. గోడవైపు తిరిగి చెవులు రిక్కించాడు.

తలుపు పడింది.

"అరవై నాలుగు! సీలకు ఇత్తడి గొట్టం తొడిగింది ఆ ఏడే. అందుకే అంత మెత్తన."

"కరెక్టే. రెండోది వినండి."

మళ్ళీ పడింది. ఈసారి ఆయన చాలాసేపు తల వంచుకుని ఆలోచించాడు.

"యాభై ఎనిమిది. పోతపోసిన ఇనప బందు. బోషాణం మూత వేసినట్టు లేదూ?"

"కరెక్టే. ఇంకొకటుంది."

"మిగిలింది ఒక్కటే కదా అని ముందే చెప్పేస్తాననుకోకు. ఆ వేషాలు నా దగ్గర లేవు. విన్నాకే చెబుతా."

మూడోసారి పడేసరికి బాబాయి మొహం వెలిగిపోయింది.

"డెబ్బై ఒకటే ఇది! రేకు బందు, డొల్ల చప్పుడు. ఖర్చుకు వెనకాడి నాణ్యత గాలికొదిలేశారు వెధవలు! నెలనెలా నూనె పడకపోతే ఏడాదిలో తలుపు వాలిపోతుంది, తెలుసా?"

"అయితే మీరే వేయండి. ఇంకెవరికి తెలుసు ఇవన్నీ?" తాళాలగుత్తి తిరిగి ఆయన ఒళ్ళో పడింది. "రేపు తొమ్మిదింటికల్లా ఉండాలి. ఆలస్యమైతే ఊరుకోను."

"ఆ డాక్టరుకేం తెలుసమ్మా, వాడి మొహం!" బాబాయి కళ్ళు తుడుచుకుని, నూనెడబ్బా అందుకుని కుర్రాడిలా లేచాడు. మేనేజరమ్మ మొహం అటు తిప్పుకుని చెప్పులు తొడుక్కుంది.

మూడుసార్లూ ఆవిడ వేసింది ఒకే తలుపు.