అదృశ్య శిల్పానికి ఉద్వాసన

ప్రతి ఇంటా ఒక అదృశ్య శిల్పం ఉండాలని చట్టం వచ్చాక, వకుళమ్మ ఇంట్లో దానికి దేవుడి మూల దక్కింది. పటాలు అటకెక్కాయి. చుట్టూ గీసిన తెల్లగీత దాటితే జైలే.

ఒక ఉదయం ఆమె పటాలు దించి మళ్లీ ఆ మూలలో పెట్టబోతుంటే తనిఖీ అధికారి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? శిల్పం నలిగిపోదూ?"

"దానికి ఉద్వాసన చెప్పేశానండీ. పూజయ్యాక పసుపు వినాయకుడికి చెప్పినట్టే, అక్షింతలు వేసి వెళ్లిరమ్మన్నాను. వెళ్లిపోయింది."

"నీ మొహం! ఎక్కడికి పోతుంది? ఇదిగో, ఇక్కడే ఉంది!" అంటూ అతను విసురుగా మూలలోకి వెళ్లి, బూటుకాలితో నేలను తన్నాడు.

వకుళమ్మ నెమ్మదిగా అడిగింది. "ఉంటే మీరే తొక్కేశారు. లేదంటే వెళ్లిపోయినట్టే. ఏది రాసుకుంటారు బాబూ?"

అతను గీత ఇవతలికి గెంతాడు. ఆమె బూటు మరక తుడిచి, వేంకటేశ్వరుడి పటం పెట్టుకుంది.