కట్టుడు పళ్ళు

"కట్టుడు పళ్ళేమైనా ఉన్నాయామ్మా? రేపు మోకాలి ఆపరేషన్‌కి మత్తిచ్చాక గొంతులోకి గొట్టం వేయాలి," అంది మత్తు డాక్టరమ్మ.

పెద్దావిడ పక్కనున్న భర్తవైపు ఓరగా చూసి, "అబ్బే, అన్నీ నావే," అంది.

"రెండు వరసలూ కట్టుడువే డాక్టరుగారూ," అన్నాడాయన నింపాదిగా.

ఆవిడ ముఖం కందిపోయింది. ఇన్నేళ్ళూ ఆయన నిద్రపోయాకే తీసి, ఆయన లేవకముందే పెట్టేసుకునేది.

"మీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు పెట్టించుకున్న రోజే. లేకపోతే ఆపిల్ ముక్కలు అంత పల్చగా ఎందుకు కోసిపెడుతున్నాననుకున్నావు?"

"పిసినారితనం అనుకున్నానండీ!"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. పెద్దావిడ పళ్ళు తీసి భర్త చేతిలో పెట్టి, మొదటిసారి ఆయన ఎదుట బోసినోటితో హాయిగా నవ్వేసింది.